తాళం వేసింది పేదరికం కాదు: ఆఫ్రికా థీసిస్‌లు, రాయని ఒక్క రూలు

ఆఫ్రికా విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధన ఇంటర్నెట్‌లో ఎందుకు దొరకదు? ఈ ప్రశ్నకు మన నోట్సుల్లో జవాబు రెడీగా ఉంటుంది. నిధుల కొరత, కరెంటు కోతలు, ఇంటర్నెట్ లేమి, శిక్షణ పొందిన సిబ్బంది లేకపోవడం. చివర్లో 'వే ఫార్వర్డ్' కింద అంతర్జాతీయ సహకారం, సామర్థ్యాల పెంపు. పక్కన ఒక ఫ్లోచార్ట్. జవాబు పూర్తయింది, పేజీ నిండింది.

ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. అందులోని ఒక్కో పాయింటు విడిగా చూస్తే నిజమే. అన్నీ కలిపి చదివితే మాత్రం తప్పు బోధిస్తుంది. ఎందుకంటే దాని ప్రకారం ఆ థీసిస్‌లకు తాళం వేసింది పేదరికం. పేదరికం పోయినప్పుడు తాళం దానంతటదే ఊడుతుంది, అప్పటిదాకా దాతల కోసం ఎదురుచూడాలి. నా వాదన వేరు. తాళం వేసింది విశ్వవిద్యాలయమే, తాళంచెవి కూడా దాని జేబులోనే ఉంది. 'థీసిస్ డిజిటల్ ప్రతి అందరికీ కనిపించేలా జమ చేయనిదే డిగ్రీ ఇవ్వం' అనే ఒక్క రూలు రాసి, దాన్ని మినహాయింపుల్లేకుండా అమలు చేస్తే సగం పని అయిపోతుంది. మిగతా సగానికే డబ్బు కావాలి.

ఇది ఆఫ్రికా మీద జాలి చూపించే వ్యాసం కాదు. జాలి చూపించడం అలవాటైపోయి మనం అసలు ప్రశ్న వేయడం మానేశామన్నదే నా ఫిర్యాదు.

ఒక థీసిస్, రెండు తలరాతలు

దక్షిణ సూడాన్ నాయకుడు జాన్ గరాంగ్ పేరు మీరు వినే ఉంటారు. 1983లో ఎస్‌పీఎల్‌ఏ స్థాపించి, 2005 శాంతి ఒప్పందం దాకా దాన్ని నడిపిన మనిషి. ఆయన తుపాకీ పట్టకముందు పరిశోధక విద్యార్థి. 1981లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. అంశం జోంగ్లెయ్ ప్రాజెక్టు ప్రాంత గ్రామీణాభివృద్ధి.

జోంగ్లెయ్ అంటే మన జీఎస్ భాషలో నదీ జలాల వివాదం. తెల్ల నైలు సడ్ చిత్తడి నేలల్లో విస్తరించి ఆవిరైపోతోందని, ఆ నీటిని పక్కదారిలో ఉత్తరానికి, ఈజిప్టుకు తీసుకుపోవాలని 360 కిలోమీటర్ల కాలువ తలపెట్టారు. 1978లో తవ్వకం మొదలైంది. యుద్ధం వల్ల 1984లో ఆగింది. ఇవాళ్టికీ ఆ కాలువ అసంపూర్తిగానే పడి ఉంది. నీళ్లు పోయే చోటు గురించే అందరూ మాట్లాడుతున్నప్పుడు, ఆ నీళ్లున్న చోట బతికే మనుషుల అభివృద్ధి సంగతేమిటి అన్నది గరాంగ్ థీసిస్ ప్రశ్న.

ఆ థీసిస్ ఇవాళ అయోవా స్టేట్ డిజిటల్ రిపాజిటరీలో ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్ గదిలో కూర్చుని ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. టైపు మిషను మీద కొట్టిన పాత కాగితాన్ని ఆ విశ్వవిద్యాలయం తర్వాత స్కాన్ చేసి పెట్టింది కాబట్టి.

ఇప్పుడు ఇంకోలా ఊహించండి. అదే మనిషి, అదే అంశం, అవే ఏళ్లు, కానీ పీహెచ్‌డీ చేసింది ఖార్తూమ్‌లో. ఆ థీసిస్ మీకు దొరికేదా? 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైంది. ఖార్తూమ్, ఒందుర్మాన్ నగరాల్లోని విశ్వవిద్యాలయాలు యుద్ధభూమి అయ్యాయి. ఒందుర్మాన్ అహ్లియా విశ్వవిద్యాలయంలో సూడాన్ అధ్యయనాల కేంద్రం గ్రంథాలయం అదే ఏడాది కాలిపోయింది. షెల్ఫులో ఒకే ఒక్క ప్రతిగా ఉన్న పుస్తకానికి అలాంటి చోట రేపు అనేది ఉండదు.

ఒక ఆఫ్రికన్ ఆఫ్రికా గురించి రాసిన పరిశోధన అమెరికాలో డిగ్రీ తీసుకుంటే ప్రపంచానికి దొరుకుతుంది, సొంత దేశంలో తీసుకుంటే దొరకదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మనకు తెలుసు. ఇక్కడ జరుగుతున్నది అంతకంటే ఘోరం. ఆ పెరట్లో చెట్టుందన్న సంగతే ఎవరికీ తెలియడం లేదు.

దొరకకపోతే ఏమవుతుంది?

'సరే, నాలుగు థీసిస్‌లు దొరకకపోతే కొంపలేం మునుగుతాయి?' అని మీరు అడగొచ్చు. సమాచారం దొరకకపోతే ఎంత నష్టమో చెప్పే ఉదాహరణ ఒకటి లైబీరియాలో ఉంది. అది థీసిస్ కాదు, జర్నల్ వ్యాసం. కానీ జబ్బు అదే.

2014లో పశ్చిమ ఆఫ్రికాను ఎబోలా చుట్టేసింది. గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో కలిపి 11 వేల మందికి పైగా చనిపోయారు. ఈ ప్రాంతానికి ఎబోలా కొత్త అనీ, ఎవరూ ఊహించలేదనీ అప్పట్లో అందరూ అన్నారు. కానీ 1982లోనే యూరప్ పరిశోధకులు లైబీరియాలో సేకరించిన రక్త నమూనాల్లో ఎబోలా యాంటీబాడీలు కనబడ్డాయని, ఆ దేశాన్ని ఎబోలా ఉండే ప్రాంతాల జాబితాలో చేర్చాలని ఒక జర్నల్‌లో రాశారు. లైబీరియా ఆరోగ్యశాఖలో ప్రధాన వైద్యాధికారిగా ఉన్న బెర్నిస్ డాన్, మరో ఇద్దరితో కలిసి 2015లో ఈ సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో బయటపెట్టారు. ఆ పరిశోధనలో లైబీరియా వాళ్లెవరూ సహ రచయితలుగా లేరు. అలాంటి ఒక వ్యాసం డౌన్‌లోడ్ చేసుకోవాలంటే 45 డాలర్లు, అంటే అక్కడి డాక్టరుకు దాదాపు సగం వారం జీతం.

ఇందులో మనం పట్టుకోవాల్సిన పాయింటు ధర ఒక్కటే కాదు. లైబీరియా రక్తం మీద జరిగిన పరిశోధన లైబీరియాలో ఎవరి చేతికీ అందలేదు. జ్ఞానం ఉంది, అవసరమైన చోట లేదు. ఇప్పుడు దీన్ని థీసిస్‌లకు అన్వయించండి. ఒక జిల్లాలో నేల కోత గురించి, ఒక సరస్సులో చేపల తగ్గుదల గురించి, ఒక తెగ ప్రసవ ఆచారాల గురించి మూడు నాలుగేళ్లు క్షేత్రంలో తిరిగి రాసేది పరిశోధక విద్యార్థే. ఆ స్థానిక వివరం అంతర్జాతీయ జర్నళ్లకు చాలాసార్లు అక్కర్లేదు. అది పుస్తకంగా రాదు, వ్యాసంగా రాదు, థీసిస్‌గా మాత్రమే మిగులుతుంది. అందుకే థీసిస్ పోతే దానికి బదులు ఉండదు. అదే అంశం మీద పదేళ్ల తర్వాత ఇంకో విద్యార్థి మళ్లీ మొదటి నుంచి మొదలెడతాడు. ప్రభుత్వం విదేశీ కన్సల్టెంటుకు డబ్బిచ్చి, తన విశ్వవిద్యాలయం బీరువాలో ఉన్న సంగతే మళ్లీ రాయించుకుంటుంది.

కేటలాగు లేకపోతే చట్టం ముందు కూడా లేనట్టే

జీఎస్-3లో మేధో సంపత్తి చదివేవాళ్లు ఈ రెండు అమెరికా కేసులు గుర్తుపెట్టుకోండి. మన కోచింగ్ మెటీరియల్లో ఇవి కనిపించవు.

పేటెంట్ ఇవ్వాలంటే ఆ ఆవిష్కరణ అంతకుముందు ఎక్కడా ప్రచురితమై ఉండకూడదు. 1986లో 'ఇన్ రీ హాల్' కేసులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. జర్మనీలో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క డాక్టరేట్ థీసిస్ 'ప్రచురణ' కిందికి వస్తుందా? వస్తుంది అంది కోర్టు. ఎందుకంటే దాన్ని కేటలాగులో ఎక్కించారు, వెతికేవాడికి దొరుకుతుంది.

మూడేళ్ల తర్వాత, 1989లో 'ఇన్ రీ క్రోనిన్' కేసు. అమెరికాలోనే రీడ్ కాలేజీలో విద్యార్థులు రాసిన మూడు థీసిస్‌లు. అవి కాలేజీలో భద్రంగానే ఉన్నాయి. కానీ వాటి కార్డులు విద్యార్థుల పేర్ల వరుసలో మాత్రమే పెట్టారు, ఒకచోటైతే ఆ కార్డులు ఒక చెప్పుల డబ్బాలో ఉన్నాయి. విషయాన్ని బట్టి వెతకడానికి దారి లేదు. కాబట్టి అవి ప్రజలకు అందుబాటులో ఉన్నట్టు కాదు, ప్రచురణ కిందికి రావు అని కోర్టు తేల్చింది.

రెండూ కాగితం థీసిస్‌లే. తేడా అంతా కేటలాగులో ఉంది. సరిగా సూచిక ఉన్న థీసిస్ ఖండాంతరంలో కూడా సాక్ష్యంగా నిలబడింది. సూచిక లేని థీసిస్ పక్క గదిలో ఉన్నా చట్టం దృష్టిలో లేనట్టే అయింది.

ఇది ఆఫ్రికాకు ఎందుకు ముఖ్యం? ఔషధ మొక్కల కోసం. కలహారి ఎడారిలో శాన్ ప్రజలు వేటకు పోయేటప్పుడు ఆకలి తెలియకుండా ఉండటానికి హూడియా మొక్కను నమిలేవారు. దాని సారం మీద 1990ల్లో దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పేటెంట్ తీసుకుని విదేశీ కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. శాన్ ప్రజలకు వాటా ఇచ్చే ఒప్పందం కుదిరింది 2003లో. మన పసుపు కథ మీకు తెలుసు. 1997లో ఆ అమెరికా పేటెంటును రద్దు చేయించడానికి మన సీఎస్‌ఐఆర్ సమర్పించిన సాక్ష్యాల్లో 1953 నాటి ఒక భారతీయ వైద్య పత్రిక వ్యాసం కూడా ఉంది. పాత కాగితం చేతికి దొరికింది కాబట్టి పసుపు గెలిచింది. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ ఆలోచన అక్కడి నుంచి వచ్చిందే. ఆఫ్రికా వృక్షశాస్త్ర, ఫార్మసీ విభాగాల థీసిస్‌లు ఆ ఖండానికి అలాంటి సాక్ష్యాల గిడ్డంగి. ఆ గిడ్డంగిని చెప్పుల డబ్బాలో పెట్టుకుని, బయటివాళ్లు దోచుకుపోతున్నారంటే ప్రయోజనం లేదు.

డబ్బు లేదన్న మాట ఎంతవరకు నిజం?

ఇంజినీరింగ్ చదివినవాడిగా ఈ భాగం లెక్కగట్టి చెబుతాను. కొత్త థీసిస్‌ను ఆన్‌లైన్లో పెట్టడానికి ఏం కావాలి?

ఒకటి, డిజిటల్ ఫైలు. అది విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఉంది. ఈ రోజుల్లో టైపు మిషను మీద థీసిస్ కొట్టేవాళ్లు ఎవరూ లేరు. రెండు, సాఫ్ట్‌వేర్. డీస్పేస్ అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్‌ను ఎంఐటీ, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేశాయి. అది ఉచితం, ఓపెన్ సోర్స్. మూడు, ఒక రిపాజిటరీలోని వివరాలను ఇంకో చోటి నుంచి యంత్రమే సేకరించుకునే పద్ధతి. ఓఏఐ-పీఎంహెచ్ అనే ఆ ప్రమాణం 2001 నుంచే ఉంది, అదీ ఉచితమే. నాలుగు, ఒక సర్వరు, కరెంటు, దాన్ని చూసుకునే ఇద్దరు ముగ్గురు మనుషులు. ఇక్కడే ఖర్చు. ఇది నిజమైన ఖర్చే, ఏటేటా వచ్చే ఖర్చు. కానీ పీహెచ్‌డీలు ఇవ్వగల విశ్వవిద్యాలయం మోయలేనంత ఖర్చు కాదు.

నా మాట నమ్మకపోతే ఆఫ్రికానే చూడండి. ఘనాలో లెగాన్, ఉగాండాలో మకెరెరె, కెన్యాలో నైరోబి, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్, ప్రిటోరియా విశ్వవిద్యాలయాలకు రిపాజిటరీలు ఉన్నాయి. వాటిలో థీసిస్‌లు వెతికి చదువుకోవచ్చు. ఇథియోపియా ఇంకో అడుగు ముందుకేసింది. 2019లో జాతీయ ఓపెన్ యాక్సెస్ విధానం తెచ్చి, ప్రజాధనంతో జరిగిన పరిశోధనను, థీసిస్‌లతో సహా, అందరికీ అందుబాటులో పెట్టాలని తన మంత్రిత్వ శాఖ కిందున్న విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. తలసరి ఆదాయంలో ఇథియోపియా ప్రపంచంలోని పేద దేశాల్లో ఒకటి. పేదరికమే తాళమైతే ఆ దేశం ఆ రూలు రాయగలిగేది కాదు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రూలు రాయలేని చోట సర్వరు మీద నెపం పెడుతున్నారు. అమలు వేరే సమస్య, దానికి మళ్లీ వస్తాను.

డేటాడ్ చెప్పే పాఠం

ఈ విషయంలో ఖండం మొత్తానికి ఒక ప్రయత్నం జరిగింది. ఆఫ్రికా విశ్వవిద్యాలయాల సంఘం 1967లో ఏర్పడింది, దాని కార్యాలయం ఘనా రాజధాని అక్రాలో ఉంది. ఆ సంఘం 2000ల మొదట్లో 'డేటాడ్' పేరుతో ఆఫ్రికా థీసిస్‌ల డేటాబేస్ మొదలుపెట్టింది. ఫోర్డ్, రాక్‌ఫెలర్ ఫౌండేషన్లు డబ్బిచ్చాయి. తొలి విడతలో 11 విశ్వవిద్యాలయాలు చేరాయి. మొదట థీసిస్‌ల వివరాలు, సారాంశాలు ఎక్కించారు.

ఆలోచన గొప్పది. ఆఫ్రికా థీసిస్‌లకు ఆఫ్రికాయే సూచిక తయారుచేయాలన్న పట్టుదల అందులో ఉంది. కానీ దాని నిర్మాణంలో ఉన్న బలహీనత గమనించండి. డేటాడ్ ఒక ప్రాజెక్టు. ప్రాజెక్టుకు ప్రారంభ తేదీతో పాటు ముగింపు తేదీ కూడా ఉంటుంది. దాత డబ్బు ఉన్నంతకాలం స్కానర్లు తిరుగుతాయి, శిక్షణ శిబిరాలు జరుగుతాయి. డబ్బు ఆగాక, కొత్త థీసిస్ వచ్చినప్పుడల్లా దాన్ని పంపాల్సిన బాధ్యత ఎవరి మీదా ఉండదు. సారాంశం చదివినవాడు పూర్తి పాఠం కావాలంటే మళ్లీ ఆ నగరానికి వెళ్లాల్సిందే.

దీన్ని మన దగ్గరి పద్ధతితో పోల్చండి. 2009లో యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో ఒక మాట చేర్చింది: థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ దాని మీద నిలబడింది. ఇవాళ అందులో ఐదు లక్షలకు పైగా థీసిస్‌లు ఉన్నాయి. అమెరికాలో వర్జీనియా టెక్ 1997లోనే ఎలక్ట్రానిక్ థీసిస్ తప్పనిసరి చేసింది. రెండు చోట్లా కథ ఒకటే. ముందు రూలు, తర్వాత సర్వరు. రూలు లేని సర్వరు ఖాళీ గోదాము.

అలాగని శోధ్‌గంగను చూపించి ఆఫ్రికాకు నీతులు చెప్పే అర్హత మనకు లేదు. ఒకే థీసిస్‌ను అధ్యాయానికొక ఫైలుగా ముక్కలు చేసి పెడతాం. పాతవాటిలో చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే, వాటిలో ఒక పదం వెతకాలంటే కుదరదు. రూలు ఉన్నా అమలు విశ్వవిద్యాలయానికో తీరుగా ఉంటుంది. రూలు అవసరమే కానీ అదొక్కటే చాలదని చెప్పడానికి మన అనుభవమే సాక్ష్యం. అందుకే 'డిగ్రీకి ముందు' అన్న మాట నొక్కి చెబుతున్నాను. పట్టా చేతికొచ్చాక ఫైలు అడిగితే ఎవరూ ఇవ్వరు. పట్టాకు ముందు అడిగితే సాయంత్రానికల్లా వస్తుంది.

అభ్యంతరాలు, జవాబులు

ఎదుటివాళ్ల వాదన కూడా న్యాయంగా చూద్దాం. నాలుగు అభ్యంతరాలు బలంగా వినిపిస్తాయి.

మొదటిది కాపీ భయం. ఆన్‌లైన్లో పెడితే దొంగిలిస్తారని. నిజానికి దొంగకు చీకటే అనుకూలం. ఒకే ప్రతి ఉన్న థీసిస్‌ను కాపీ కొడితే పట్టుకునే దారి ఉండదు. అందరికీ కనిపించేదాన్ని కాపీ కొడితే సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో పట్టిస్తుంది. ఎవరు ముందు రాశారో తేదీతో సహా రుజువు ఉంటుంది.

రెండోది పుస్తకంగా వేసుకునే అవకాశం పోతుందన్న భయం. దీనికి ఎంబార్గో ఉంది. థీసిస్ వివరాలు, సారాంశం వెంటనే కనిపిస్తాయి, పూర్తి పాఠం ఏడాదో రెండేళ్లో ఆగి తెరుచుకుంటుంది. గడువు రాసి ఉన్న తాళం వేరు, గడువు లేని తాళం వేరు.

మూడోది ఎవరూ పైకి అనరు. థీసిస్ బయటపడితే దాని నాణ్యత బయటపడుతుంది, సంతకం చేసిన గైడు పేరూ పరీక్షకుల పేరూ బయటపడతాయి. ఆఫ్రికాలోనే కాదు, ఎక్కడైనా అసలు భయం ఇదే అని నా అభిప్రాయం. దీనికి నా దగ్గర ఓదార్పు లేదు. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీకి థీసిస్ రుజువు. రుజువు దాచి పట్టా చూపించడం ఏ విలువల కిందా నిలబడదు. జీఎస్-4లో పారదర్శకత, జవాబుదారీతనం అని నిర్వచనాలు బట్టీ పడతాం కదా, వాటికి ఇంతకంటే మంచి కేస్ స్టడీ లేదు.

నాలుగోది నిజంగా బరువైనది. వలస పాలన రోజుల్నుంచీ ఆఫ్రికా నుంచి ముడిసరుకు పోయింది. ఇప్పుడు జ్ఞానం కూడా ఉచితంగా తెరిచి పెడితే బయటి కంపెనీలు, ఏఐ మోడళ్లు తీసుకుపోయి వ్యాపారం చేసుకుంటాయి, సొంతవాళ్లకు ఏం మిగులుతుంది అన్న ప్రశ్న. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒక తెగ రహస్యంగా భావించే వైద్యం, మనుషుల వ్యక్తిగత వివరాలు ఉన్న థీసిస్‌లకు కచ్చితంగా వేరే నియమం ఉండాలి, ఆ సమాజం అనుమతి ఉండాలి. కానీ ఈ కారణంతో మొత్తం తలుపు మూసేస్తే జరిగేదేమిటి? బయటివాళ్లు ఆఫ్రికా గురించి రాసింది మాత్రమే ఆన్‌లైన్లో మిగులుతుంది. ఏఐని అడిగినా అదే చెబుతుంది, మన నోట్సుల్లోకీ అదే వస్తుంది. దాచుకున్నంత మాత్రాన దోపిడీ ఆగదని హూడియా చూపించింది. ఫలానాది ఫలానావాళ్లదని నలుగురికీ కనిపించేలా రాసిపెట్టుకున్నవాడికే రేపు వాటా అడిగే ఆధారం ఉంటుంది.

సర్వరు ఎక్కడుండాలి?

ఒక ప్రశ్న మిగిలింది. ఏదైనా పెద్ద పాశ్చాత్య సంస్థకు థీసిస్‌లు అప్పగిస్తే, వాళ్లే స్కాన్ చేసి వాళ్లే భద్రంగా చూసుకుంటారు కదా?

చరిత్ర చూస్తే ఈ ఆలోచన కొత్తది కాదు. ఇబాదన్, లెగాన్ రెండూ 1948లో లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధ కాలేజీలుగానే మొదలయ్యాయి. విద్యార్థులు ఆఫ్రికాలో చదివారు, డిగ్రీ మీద లండన్ ముద్ర పడింది. స్వాతంత్ర్యం వచ్చాక కష్టపడి తెచ్చుకున్న అధికారాన్ని సర్వరు రూపంలో మళ్లీ అప్పగించడం ఎందుకు?

పైగా పెద్ద సంస్థ అంటే భద్రం అన్న లెక్క కూడా తప్పు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. బ్రిటన్ థీసిస్‌లన్నిటికీ జాతీయ సూచిక అయిన ఈథోస్ దాంతో మూతపడింది. ఇటు 2021 ఏప్రిల్ 18న కేప్‌టౌన్ కొండ మీద మొదలైన కార్చిచ్చు విశ్వవిద్యాలయంలోని జాగర్ లైబ్రరీని కాల్చేసింది. దాదాపు 70 వేల పుస్తకాలున్న ఆఫ్రికా అధ్యయనాల సేకరణలో అత్యధిక భాగం బూడిదైంది. ఆఫ్రికాలోనే ఎక్కువ వనరులున్న విశ్వవిద్యాలయాల్లో అదొకటి. లండన్‌లో హ్యాకరు, కేప్‌టౌన్‌లో నిప్పు, ఖార్తూమ్‌లో యుద్ధం. ప్రమాదం రూపం మారింది, పాఠం మారలేదు. ఒకేచోట ఉన్న ఏ ప్రతీ భద్రం కాదు.

కాబట్టి అసలు ప్రతి ఆ విశ్వవిద్యాలయంలో, రెండోది ఆ దేశ జాతీయ రిపాజిటరీలో, మూడోది ఖండంలోనే ఇంకో దేశంలో. దీనికి కావలసిన తీగలు ఇప్పటికే ఉన్నాయి. తూర్పు, దక్షిణ ఆఫ్రికా పరిశోధన నెట్‌వర్కులను ఉబుంటునెట్ అలయన్స్ కలుపుతోంది, పశ్చిమ, మధ్య ఆఫ్రికాను వాక్రెన్ కలుపుతోంది. వాక్రెన్ చొరవతో 2017లో మొదలైన లిబ్‌సెన్స్ గ్రంథాలయాధికారులనూ నెట్‌వర్క్ ఇంజినీర్లనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఫ్రెంచి మాట్లాడే దేశాల ఉమ్మడి ఉన్నత విద్యా మండలి కామెస్‌కు సొంత డిజిటల్ భాండాగారం ఉంది. వేర్వేరు భాషల్లో, వేర్వేరు చోట్ల ఉన్న వీటన్నిటినీ ఒకే శోధన కిందికి తేవడమే డేటాడ్ లాంటి ఖండ స్థాయి సంస్థకు తగిన పని. ఫైళ్లన్నీ తన దగ్గర పోగేసుకోనక్కర్లేదు, ఎక్కడేముందో చెబితే చాలు.

మనకు ఇందులో ఏం పని?

2023 సెప్టెంబరు ఢిల్లీ శిఖరాగ్ర సమావేశంలో ఆఫ్రికన్ యూనియన్‌ను జీ-20లో చేర్చుకున్నామని జీఎస్-2 జవాబుల్లో గర్వంగా రాస్తాం. అదే ఏడాది ఐఐటీ మద్రాస్ జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు అధ్యాపకులు ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇథియోపియా విద్యార్థులు పీహెచ్‌డీ కోసం వస్తున్నారు. ఇది దౌత్యం పుస్తకంలో రాయని సంబంధం. అలాంటి విద్యార్థి తన దేశం గురించి విశాఖలో రాసిన థీసిస్‌ను అతని దేశపు రిపాజిటరీకి కూడా ఒక ప్రతి పంపడానికి మనకు పెద్ద ఒప్పందాలు అక్కర్లేదు. అయోవా చేసిన మేలు మనం చేస్తూ, అయోవా చేయనిది ఇంకొకటి చేసినట్టు: పుట్టిన చోటికి జ్ఞానాన్ని తిరిగి పంపడం.

2024 నవంబరులో మన కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది, 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు మన విద్యార్థులకు చదవడానికి. అది ఇతరుల జ్ఞానం కొనే ఖర్చు. సొంత జ్ఞానం కనబడేలా చేయడానికి అందులో పిసరంత కూడా అక్కర్లేదు. ఈ పోలిక మనకూ వర్తిస్తుంది, ఆఫ్రికాకూ వర్తిస్తుంది.

ఇక మీ జవాబు పత్రం సంగతి. ఎస్సే పేపర్లో జ్ఞానం, అసమానత, వలసవాదం, డిజిటల్ ప్రపంచం లాంటి అంశం వచ్చినప్పుడు 'నిధుల కొరత'తో మొదలుపెట్టకండి. ఎవరు నిర్ణయం తీసుకోవాలి, ఏ నిర్ణయం, ఎందుకు తీసుకోవడం లేదు అని అడగండి. డిగ్రీకి ముందే డిజిటల్ ప్రతి. విషయం ప్రకారం వెతకగలిగే కేటలాగు. గడువున్న ఎంబార్గో, సమాజ రహస్యాలకు రక్షణ. మూడు చోట్ల మూడు ప్రతులు. దాత డబ్బుతో కాకుండా విశ్వవిద్యాలయం సొంత బడ్జెట్‌లో ఒక పద్దు. ఈ ఐదింటిలో మొదటిదానికి అయ్యే ఖర్చు సెనేట్ సమావేశంలో ఒక తీర్మానం, దాని కింద ఒక సంతకం.

రేపు మనలో కొందరు ఫైళ్ల మీద సంతకం పెట్టే కుర్చీల్లో కూర్చుంటాం. నిధులు లేవని రాసి పక్కన పెట్టడం చాలా సులువైన నోటింగ్. ఆ నోటింగ్ రాసే ముందు, తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఒక్కసారి చూడండి.